నోరా పెట్టిన డిన్నర్

పేరు నోరా, దానికి తగ్గట్టే నోరు. బాట్లీ ఊరి బడి వంటగదిలో ఆమె గరిటె పట్టుకుని నిలబడిందంటే ఎంత అల్లరి పిడుగైనా వరుసలోకి రావాల్సిందే. "బఠాణీలు వద్దా? ఎవడ్రా ఆ మాటన్నది? మీ అమ్మ ఉన్ని మిల్లులో ఒళ్ళు హూనం చేసుకుంటుంటే నీకు బఠాణీలు చేదయ్యాయా?" అని గదమాయిస్తూనే, బక్కవాడి పళ్ళెంలో ఇంకో బంగాళాదుంప జారవిడిచేది. పిల్లలకు ఆమె డిన్నర్ లేడీ. యార్క్‌షైర్‌లో మధ్యాహ్నం గంట కొడితే డిన్నర్. ఇందులో అడగడానికేముంది?

నోరా హెప్‌వర్త్‌కు నలభై దాటినా పెళ్ళి కాలేదు. కాలేదంటే, ఒకసారి కావాల్సింది. యుద్ధానికి ముందు విల్ఫ్ అనే ప్రబుద్ధుడు పెళ్ళినాడు చర్చికి రాకుండా హల్ ఊరికి రైలెక్కి ఉడాయించాడు. కొత్త టోపీ పెట్టుకుని ఆమె మెట్ల మీద ఎదురుచూస్తుంటే వీధి వీధంతా చూసింది. ఇక ఈ జన్మలో ఏ మగాడి కోసమూ ఎదురుచూడనని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

ఆ ఒట్టు తీసి గట్టున పెట్టించినవాడు సిరిల్ పెల్లింగ్. పియానోలు శ్రుతి చేసే మనిషి. దక్షిణాది బ్రైటన్‌లో పెద్ద హోటల్లో ఏళ్ళతరబడి పనిచేసి, భార్య పోయాక బాట్లీ పక్కనున్న లీడ్స్ వచ్చి పడ్డాడు. బడి హాల్లో పియానో చూడడానికి వచ్చినవాడికి నోరా ఇంత జామ్ పుడ్డింగ్ పెట్టింది. అంతే, ఆ పియానోకు రోగాలు మొదలయ్యాయి. వారం తిరక్కుండానే ఏదో ఒక మెట్టు మూలుగుతోందంటూ వచ్చేవాడు, సరిగ్గా పుడ్డింగ్ దించే వేళకు. చివరికి నోరాయే ధైర్యం చేసి, "ఆదివారం మా ఇంటికి డిన్నర్‌కు రండి," అంది. "తప్పకుండా," అన్నాడతను, చెవులదాకా ఎర్రబడుతూ.

ఆదివారం వచ్చింది. నోరా గొడ్డుమాంసం పొయ్యిలో పెట్టింది, నీలం జాకెట్టు తొడుక్కుంది, చర్చి నుంచి జనం ఇళ్ళకు వచ్చే వేళకు మాంసంలోకి నంజుకునే యార్క్‌షైర్ పుడ్డింగ్ పిండి వేడి నూనెలో పోసింది. అవి బుసబుసా పొంగాయి. ఒంటిగంట అయింది. సిరిల్ రాలేదు. రెండయింది. పొంగినవి పొంగినట్టే కూలబడ్డాయి.

పక్కింటి ఐడా ఉప్పు వంకతో వచ్చింది.

"ఏమే, మీ పియానో ఆయన రాలేదా?"

"వస్తాడు. బస్సు దొరికుండదు."

"ఆదివారం బస్సులు ఖాళీగానే పోతున్నాయే మరి!"

"ఉప్పు తీసుకున్నావుగా? ఇక దయచెయ్యి!"

తలుపేసుకుని నోరా గిన్నెలు కడగబోయి, కడగలేక కుర్చీలో కూలబడి ఏడ్చింది. ఛీ, ఈ వయసులో మళ్ళీ అదే ఖర్మా! రేపు బడిలో ఏ మొహం పెట్టుకుని గరిటె తిప్పాలి? పుడ్డింగులు తీసుకెళ్ళి ఐడా కుక్కకు పడేసింది, నీలం జాకెట్టు విప్పి పాత ఏప్రన్ కట్టుకుంది.

సాయంత్రం ఏడింటికి, వీధిలో ఇంకా ఎండ ఉండగానే, ఎవరో తలుపు తట్టారు. గుమ్మంలో సిరిల్. మెడకు టై, చేతిలో పూలు.

"కాస్త ముందే వచ్చానా?" అన్నాడు బెరుగ్గా.

"ముందా! ఒంటిగంటకు బల్ల సర్దాను. మీ పుడ్డింగ్ తిన్న కుక్క ఒక నిద్ర తీసి లేచింది కూడా! నలుగురిలో నన్ను నవ్వులపాలు చేసి ఇప్పుడు పూలు తెస్తారా?"

"ఒంటిగంటకా? మీరు డిన్నర్‌కు కదండీ రమ్మన్నారు?"

"నేను చెప్పేదీ అదే కదా! డిన్నరే!"

"డిన్నరంటే రాత్రికి కదా... మా హోటల్లో ఏడుకు ముందు డిన్నర్ అడిగితే వంటవాడు తన్నేవాడు. పొద్దుటినుంచీ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదండీ. మీ వంట కోసమని కడుపు మాడ్చుకుని వచ్చాను."

నోరా గుమ్మం పట్టుకుని మెల్లగా మెట్టు మీద కూర్చుండిపోయింది. అమ్మయ్య! రాకుండా పోలేదు, దారీ తప్పలేదు, తన లెక్కలో వేళకే వచ్చాడు! కళ్ళు తుడుచుకుంటూ పకపకా నవ్వింది. గుండెల మీద ఎన్నేళ్ళనుంచో ఉన్న బరువేదో దిగిపోయినట్టయింది. ఆ నవ్వుకు ఐడా ఇంటి కిటికీ తెరుచుకుంది.

లోపల చల్లారిన మాంసం, రొట్టె, ఊరేసిన ఉల్లిపాయలు బల్ల మీదికి వచ్చాయి. సిరిల్‌కు పత్రికల్లో గళ్ళనుడికట్టు పిచ్చి, మాటల పుట్టుపూర్వోత్తరాలు తవ్వుతూంటాడు. రెండు ముద్దలు లోపలికి పోయాక ప్రాణం లేచొచ్చి అన్నాడు:

"అసలు డిన్నరంటే మొదట్లో ఉపవాసం విడవడమేనండీ. లాటిన్లో పుట్టి, ఫ్రెంచివాళ్ళ నోళ్ళలో నలిగి మన దగ్గరికొచ్చింది. అంటే పొద్దుటి తిండి! తర్వాత అది మధ్యాహ్నానికి జరిగింది, గొప్పోళ్ళు దాన్ని రాత్రికి ఈడ్చుకుపోయారు."

"అయితే మీదీ తప్పే, మాదీ తప్పేనన్నమాట!"

"ఇవాళ అసలైన డిన్నర్ తింటున్నది నేనొక్కణ్ణే. ఉపవాసం విడుస్తున్నాను కదా!" అని నవ్వి, అంతలోనే భయంభయంగా అడిగాడు. "వచ్చే ఆదివారం ఏ పూటకు రమ్మంటారు? ఈసారి గంట కూడా చెప్పండి, మీకు పుణ్యముంటుంది."

నోరా రొట్టె కోస్తున్న కత్తి కింద పెట్టింది.

"గంటా వద్దు, పూటా వద్దు. మూడు పూటలా ఇక్కడే ఉండు. అప్పుడు దేన్ని ఏమని పిలిచినా నువ్వు రాలేదేమోనని నేను ఏడవక్కర్లేదు."

ఆమె అతన్ని 'నువ్వు' అనడం అదే మొదలు. సిరిల్ ఫోర్కు మీది ఉల్లిపాయ జారి బల్ల కిందికి దొర్లింది. అతను మోకాళ్ళ మీద వంగి దాని కోసం వెతికాడు. ఎంతసేపటికీ పైకి రాడే!

"ఏమయ్యా, వినపడిందా?" అంది నోరా.

"ఉంటాను," అన్న మాట బల్ల కిందినుంచే వచ్చింది.