బేరింగు మీద అద్దం ముక్క

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం నేను తయారుచేసుకున్న పరికరాన్ని చూసి మా మేనమామ అడిగింది ఒక్కటే. "దీంట్ల కరెంటు పోతదా?"

"పోదు మామా. కిందికి వెలుతురొక్కటే పోతది," అన్నాను.

ఆయన గద్వాల పక్కన ఒక జిన్నింగు మిల్లులో ఫిట్టరు. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయిన రోజులవి. పత్తి నుంచి గింజను వేరుచేసే ఆ మిల్లులో దూది నూగు గాలిలో ఎప్పుడూ తేలుతూనే ఉండేది. ఒక్క నిప్పురవ్వ చాలు, అంతా అంటుకోవడానికి. కరెంటు పోదన్నాను కాబట్టే నన్ను లోపలికి రానిచ్చాడు.

మిల్లులో యంత్రాలన్నీ ఒకే వరస. వాటన్నిటినీ తిప్పే పొడవాటి ఇనుప షాఫ్టు నేల కింద, మనిషి వంగి నడిచేంత సందులో ఉండేది. పైన ఆడవాళ్లు నిలబడి యంత్రాల్లో పత్తి పోసేవాళ్లు.

నా పరికరం చాలా చిన్నది. గాలపు దారమంత సన్నటి ప్లాస్టిక్ ఫైబర్లు రెండు. ఒకదాని గుండా ఎర్రటి వెలుతురు వెళ్లి, షాఫ్టు చివరి బేరింగు డబ్బా మీద నేను అంటించిన అద్దం ముక్క మీద పడుతుంది. అక్కడినుంచి తిరిగొచ్చిన వెలుతురును రెండోది పట్టుకుంటుంది. బేరింగు అదిరితే అద్దం కదులుతుంది, వెలుతురు హెచ్చుతగ్గులవుతుంది. ఆ హెచ్చుతగ్గులు మోటారు గదిలో, కాలేజీ నుంచి అడిగి తెచ్చుకున్న ఆసిలోస్కోపు తెర మీద ఆకుపచ్చ అలలా కనిపిస్తాయి. అల ఎంత పెద్దదైతే అదురు అంత ఎక్కువన్నమాట.

మూడు రోజులు అల తెర మీది రెండు గడులు దాటలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి మూడు గడులు. నోట్సులో రాసుకునేలోపే నాలుగుకు చేరింది.

పిలిచి చూపిస్తే మామ కిందికి దిగి బేరింగు డబ్బా మీద చెయ్యి పెట్టి చూసి వచ్చాడు. "రోజూ ఉన్నట్టే ఉన్నది. నీ అద్దం మీద దూది పడ్డది. గందుకే గట్ల చూపెడ్తుంది."

ఆవరణ నిండా పత్తి ట్రాక్టర్లు. వీపనగండ్ల నుంచి వచ్చిన రైతులు పొద్దున్నుంచి వరసలో ఉన్నారు. దూది బేళ్ల కోసం లారీ కూడా వచ్చి నిలబడింది. మామ చెప్పింది విని మిల్లు యజమాని సేటు నావైపు చూడకుండానే అన్నాడు. "పిల్ల చదువు కోసం మిల్లు ఆపుతమా? నడవనియ్యి."

నాకూ పూర్తిగా నమ్మకం లేదు. ఫైబర్లను పట్టుకున్న ఇనుప స్టాండు వదులైనా అల పెరగొచ్చు. కానీ దూది పడితే వెలుతురు తగ్గాలి, అల చిన్నదవ్వాలి. పెరగడమేమిటి? అదే మామకు చెప్పాను.

"నేను కిందికి పోయి అద్దం తుడుస్త. నువ్వు ఈడ తెర చూడు మామా. అల చిన్నగైతే తప్పు నాది. పెద్దగైతే ఆపు."

ఆయన తెర వైపు ఒకసారి చూశాడు. తర్వాత, "చున్నీ తీసి ఈడ పెట్టు. జడ ముడేసుకో. షాఫ్టు దిక్కు తిరగకు," అన్నాడు.

బ్యాటరీ లైటు పట్టుకుని దిగాను. కుడిచేతివైపు జానెడు దూరంలో షాఫ్టు తిరుగుతోంది. వంగి, ఎడమ గోడకు భుజం రాసుకుంటూ నడిచాను. నూగు గొంతులో పడి దగ్గొచ్చింది. దగ్గితే ఒళ్లు ఎటు ఊగుతుందోనని ఆగి, నోరు గట్టిగా మూసుకున్నాను. చివరికి చేరి స్టాండును కదిపి చూశాను. కదల్లేదు. పుల్లకు చుట్టిన గుడ్డతో అద్దాన్ని మెల్లగా తుడిచాను. అప్పుడొచ్చింది సన్నగా ఒక వాసన, బట్ట మాడినట్టు.

అంతలోనే చప్పుడు మారిపోయింది. ఏదో విరిగిందనుకున్నాను. గోడకు అతుక్కుని కళ్లు మూసుకున్నాను. షాఫ్టు వేగం తగ్గుతోందని అర్థమవడానికి కొంత సమయం పట్టింది. పైన మోత అణిగేకొద్దీ ఆ బేరింగులోంచి రాయి నమిలినట్టు గరగర వినబడింది. ఇన్నాళ్లూ ఆ మోతలో అది ఎవరికీ వినబడలేదు.

పైనుంచి సేటు గొంతు. "ఎవరు ఆపమన్నరు?"

"నేనే ఆపిన," అన్నాడు మామ.

డబ్బా విప్పితే లోపల గుండ్లను విడివిడిగా ఉంచే ఇత్తడి చట్రం ముక్కలై ఉంది. గుండ్లన్నీ ఒక పక్కకు చేరాయి. డబ్బా వెనక, చెయ్యి సులువుగా అందని చోట, షాఫ్టుకు చుట్టుకున్న దూది గోధుమరంగుకు తిరిగింది. మామ దాన్ని పీకి సేటు చేతిలో పెట్టాడు. సేటు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి, "ఇట్లాంటి బేరింగు కొత్తకోటల దొరుకుతదా?" అని మాత్రం అడిగాడు.

పత్తి పోసే వాళ్లలో ఒక పెద్దామె నా దగ్గరికి వచ్చింది. "ఏమైంది బిడ్డా?"

మాడిన దూది ముక్క చూపించాను. ఆమె వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోయింది.

"నేను నిలవడ్డ జాగ కిందనే గదా," అంది. చేతులు కొంగుకు తుడుచుకుని బయటికి వెళ్లి ట్రాక్టర్ల నీడలో కూర్చుంది.

మరునాడు మధ్యాహ్నం దాకా మిల్లు నడవలేదు. కొత్త బేరింగు బిగిస్తూ మామ తలెత్తకుండా అన్నాడు. "చెయ్యి పెట్టి చూసిన. తెల్వలే." నట్లు తిప్పే పానాలు అందిస్తూ పక్కన కూర్చున్నాను.

ఆసిలోస్కోపు కాలేజీకి తిరిగి ఇచ్చేయాల్సి వచ్చింది. "ఆ తెర డబ్బా ఈడనే ఉంచరాదా?" అని మామ రెండుసార్లు అడిగాడు. ఉంచడం నా చేతిలో లేదు. ఆ సీజను అయ్యేదాకా ఆయన ఆదివారం ఆదివారం షాఫ్టు ఆపి, బేరింగులన్నీ ఒక్కొక్కటిగా విప్పి చూసేవాడట. సేటు అడ్డం చెప్పలేదట.