దేవుడి జొన్నలు

నా చిన్నప్పుడు రెంటచింతల ఎండలకంటే మా నాయనమ్మే నన్ను ఎక్కువ ఏడిపించింది. దంచడానికి అమ్మ చేటలో జొన్నలు పోసుకుంటే చాలు, ఎక్కడున్నా వచ్చి వాలేది. ఓ గుప్పెడు తీసి గుడికిచ్చే చిన్న కుండలో వేసేది. సరే, అది మా పేటలో ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. ఆదివారం తీసుకెళ్లి గుడిలో పోసి వచ్చేవాళ్లం. మా నాయనమ్మ అంతటితో ఊరుకుంటేనా! ఇంకో గుప్పెడు తీసి మూలనున్న పెద్ద కుండల్లో ఒకదాంట్లో వేసేది. అదేందంటే అదీ దేవుడిదేననేది. ఇంట్లో పిల్లలం ఆకలితో నకనకలాడుతుంటే దేవుడికి అన్నన్ని జొన్నలెందుకో నాకు అర్థమయ్యేది కాదు.

పైగా ఆ కుండల చాకిరీ అంతా నా నెత్తినే. కుండ నిండితే బూడిద కలపాలి, ఎండిన వేపాకు వేయాలి, మూతి చుట్టూ పేడా మన్నూ కలిపి మెత్తాలి. వేసవి వస్తే మళ్లీ అన్నీ బయటపోసి ఎండబెట్టాలి, కోళ్లు రాకుండా కాపలా కూర్చోవాలి. జొన్న నూగు మెడకంటుకుని ఒళ్లంతా ఒకటే దురద. ఇంత చేసినా ఒక్క గింజ నోట్లో వేసుకోనిచ్చేదా? "ఏమే, దేవుడి సొమ్ము తింటే కళ్లు పోతాయే!" అని ఇల్లెగిరిపోయేలా అరిచేది. ఆ ముసలిదాన్ని చూస్తే నాకు చానా ఒళ్లు మండేది.

మా నాయన సంగతి వేరు. ఆయనది పెద్ద చెయ్యి. ఏ చుట్టం వచ్చి అడిగినా చేట నిండా పోసి పంపేవాడు, ఇంట్లో నిండుకున్నాక తల పట్టుకునేవాడు. కాకపోతే భయభక్తులున్న మనిషి. ఆ కుండల వంక కన్నెత్తి చూసేవాడు కాదు. అవి గుడికెప్పుడిస్తావమ్మా అని అడిగితే, "ఆయనకు తొందరేం లేదు లేరా" అనేది నాయనమ్మ.

ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. చేలల్లో పనుల్లేవు, కూలి లేదు. పొయ్యి వెలిగించడమే కష్టమైంది. ఒకరోజు పొద్దున్నే నాయన, నన్ను బడి మాన్పించి పెద్ద రైతు గారింట్లో గేదెలు కాయడానికి పెడతానన్నాడు. అక్కడైతే కడుపైనా నిండుతుందట. నాకు బడంటే ప్రాణం. పలక గుండెలకు హత్తుకుని వాకిట్లో కూలబడి గొల్లుమన్నాను. అమ్మ తలెత్తలేదు.

నాయనమ్మ లేచింది. పచ్చడిబండ తీసుకుని ఒక పెద్ద కుండ మూతికి మెత్తిన మన్ను టకటకా పగలగొట్టింది. నాయన హడలిపోయాడు.

"అమ్మా, అవి దేవుడి జొన్నలే!"

"దేవుడిది ఆదివారం ఆదివారం ఇచ్చేశా లేరా. ఇవి మనవి. మనవని చెబితే నువ్వు ఉంచేవాడివా? ఊళ్లో చుట్టాలకంతా పంచేవాడివి కాదూ!"

నాయన వంగి కుండలోకి తొంగిచూశాడు. నాకు మాత్రం ఏడుపు పోయి కోపం ముంచుకొచ్చింది. మనవే అయితే ఇన్నేళ్లూ నా కడుపెందుకు మాడ్చావే అని మీదికెళ్లాను.

"అప్పుడే తినేసుంటే ఇప్పుడేం తింటావే? లే, బడికి పో" అంది.

మళ్లీ వానలు పడేదాకా ఆ జొన్నలతోనే నెట్టుకొచ్చాం. ఎన్ని నీళ్లతో కడిగినా బూడిద పోయేది కాదు. సంకటి పంటికింద కరకరలాడినప్పుడల్లా నాయనమ్మను తిట్టుకుంటూనే తిన్నాను, తిని బడికి పోయాను. ఆ బడే నన్ను పంతులమ్మను చేసింది.

ఇప్పుడు నా వంటింట్లో బియ్యం డబ్బా పక్కన ఇంకో డబ్బా ఉంది. ఎసరు పెట్టినప్పుడల్లా ఓ గుప్పెడు అందులో పడాల్సిందే. ఎదురుగానే కొట్టుంటే ఇదంతా ఎందుకత్తయ్యా అని మా కోడలు విసుక్కుంటుంది. విసుక్కోనీ, నేనూ విసుక్కున్నదాన్నే. మా అబ్బాయికి మాత్రం అచ్చం మా నాయన చెయ్యే వచ్చింది. అందుకే ఆ డబ్బా ఎవరిదమ్మా అని వాడడిగితే, దేవుడిదిరా అంటాను.