కాంటా మీద ఆగిన కందిపప్పు

మా దేవరకొండలో ఐలేశం దుకాణానికి పోయి పావుకిలో కందిపప్పు అడిగితే తప్పకుండా ఇస్తాడు. కాని ఆ రోజు పేపర్లో తిండి వ్యాపారం గురించి పడిన వార్తంతా మనకు వినిపించాకే ఇస్తాడు. పప్పు తూస్తాడు, పొట్లం కడతాడు, మళ్లీ కాంటా మీదే పెడతాడు. దాని మీద ఎడమచెయ్యి ఆనించి, కుడిచేత్తో పేపరు విప్పుతాడు. ఇక వార్త అయ్యేదాకా ఆ పప్పు బందీ, మనం కూడా.

రాజకీయాలు చదవడు. క్రికెట్ చదవడు. రాశిఫలాల పేజీని వేలితో కూడా తాకడు. ఏ పిజ్జా కంపెనీ ఎక్కడ కొత్త దుకాణం తెరిచింది, ఏ బిస్కెట్ కంపెనీని ఎవరు కొన్నారు, పది నిమిషాల్లో ఇంటికి సరుకులు తెచ్చే కంపెనీ ఎందుకు నష్టపోయింది, ఇవే ఆయనకు కావాలి. చదివి ఊరుకున్నా బాగుండేది. చదివాక తీర్పు చెబుతాడు. ఆ తీర్పు చెప్పే మనిషి పుట్టి బుద్ధెరిగాక పిజ్జా ముక్క నోట పెట్టలేదు.

నా టైలరింగ్ షాపుకూ ఆయన దుకాణానికీ మధ్య ఒక్కటే గోడ. దేశంలో ఫాస్ట్‌ఫుడ్ ఎటు పోతోందో వింటూనే నేను ఊళ్లో సగంమందికి అంగీలు కుట్టాను. నూడుల్స్ కంపెనీల మీద పెద్ద వ్యాసం పడిన రోజు ఒక అంగీకి రెండూ ఎడమచేతులే పడ్డాయి.

ఆయనకు అందరికన్నా ఎక్కువగా దొరికేవాడు ఆటో వెంకన్న.

"సేటూ, ఆటోల మంది కూసున్నరు. జర పప్పియ్యి."

"ఇస్తనే వెంకన్నా. గిది ఇను. చిప్స్ పొట్లం రేటు పెంచలేదట. లోపల సరుకు తగ్గించిండ్రట. మిగిలిన జాగాల ఏముందో ఎర్కేనా?"

"ఏముంది?"

"గాలి! గాలిని రంగుల పొట్లంల కట్టి అమ్ముతున్నరు. నువ్వేమో టైర్ల గాలి తగ్గితే ఫికర్ జేస్తవు. గా చిప్స్ పొట్లాలు నాలుగు టైరుకింద గట్టుకో. హైదరాబాద్ దాక పోయి రావొచ్చు."

వెంకన్న నవ్వొద్దనుకుంటూనే నవ్వాడు. ఆటోలోంచి ఒక పెద్దాయన దిగి వచ్చాడు. ఆలస్యం ఎందుకని తిడతాడనుకున్నాను. "మల్ల చెప్పొకసారి, గాలికి పైసలెట్ల అడుగుతున్నరట?" అని మెట్టు మీద కూర్చున్నాడు.

కూర్చున్న మనిషి ఊరికే ఎంతసేపుంటాడు? మెట్ల పక్కనే లాల్ బీ మిర్చీల బండి. కడాయిలో నూనె చిటపటలాడుతుంది, వాసన ముక్కు దగ్గరికి వచ్చి పలకరిస్తుంది. వార్త సగానికి వచ్చేసరికి ఆటోలో ఉన్నవాళ్లందరి చేతుల్లోనూ మిర్చీలుండేవి.

భర్త పోయినప్పటి నుంచి లాల్ బీకి ఆ బండే ఆధారం. మధ్యాహ్నం కలిపిన శనగపిండి సాయంత్రానికే అయిపోవాలి, మర్నాటికి పులిసిపోతుంది. ఆ గిన్నె ఖాళీ అయితే ఇల్లు గడిచినట్టు. కాని మనిషి మాత్రం ఎవరి దగ్గరా ఊరికే ఏదీ పుచ్చుకోదు. ఒకసారి ఐలేశం శనగపిండి పొట్లం ఇచ్చి పైసలు వద్దంటే, దాన్ని తీసుకొచ్చి కాంటా మీదే పెట్టింది.

"ఖైరాత్ నాకొద్దు ఐలేశం భాయీ. గిరాకీ రావాలె. గిరాకీ తెచ్చేటోడు దుష్మన్ అయినా సలాం జేస్త."

ఆమె నోటికి ఐలేశం కూడా జంకేవాడు. అమెరికాలో ఒక హోటల్లో మరమనిషి ఆలుగడ్డలు వేయిస్తోందని చదివిన రోజు, పేపరు ఆమె వైపు ఊపాడు.

"లాల్ బీ అక్కా, నీకు పోటీ వచ్చింది! మిషనే వేయిస్తదట."

"చేతి మీద నూనె చిల్లితే అరుస్తదా అది?"

"మిషనెట్ల అరుస్తదక్కా?"

"అరవకపోతే దానికింక వేయించుడు రాలేదన్నట్టు."

ఆ మరమనిషి గురించి ఐలేశం మళ్లీ ఎన్నడూ మాట్లాడలేదు.

ఆయన్ను మార్చాలని అంగన్‌వాడీ టీచర్ శైలజ ఒకసారి హైదరాబాద్ నుంచి బర్గర్ తెచ్చింది. "తిని మాట్లాడన్నా. తినకుండ తిడితే పాపం" అంది. ఐలేశం దాన్ని కాంటా మీద పెట్టి విప్పాడు. పై రొట్టె ఒక పక్క, కింది రొట్టె ఒక పక్క, మధ్యలో ఆలుగడ్డ బిళ్ల, ఆకు, ఉల్లిగడ్డ చక్రం, టమాట చక్రం అన్నీ వరుసగా పేర్చాడు. ఒక్కొక్కటీ తూచాడు.

"టీచరమ్మా, గివన్నీ నా దుకాణంల విడివిడిగ ఉన్నయి. ఒకదాని మీదొకటి పేర్చినందుకే గింత తీసుకున్నరా?"

"తినన్నా ముందు!"

"తినేటట్టు లేదమ్మా. నోరు గింత పెద్దగ తెరవాల్నంటే పంటి డాక్టర్ దగ్గరికే పోవాలె."

ఆ ముక్కలన్నీ మళ్లీ పేర్చి ఆమె చేతికే ఇచ్చాడు. కింది రొట్టె పైకొచ్చింది.

ఇవన్నీ సాయంత్రం సంగతులు. పేపరు పొద్దున్నే వచ్చినా పొద్దుటి గిరాకీకి ఈ బాధ లేదు. అప్పుడు పప్పు అడిగితే పప్పే ఇచ్చేవాడు. సాయంత్రం లాల్ బీ కడాయి వేడెక్కాకే ఆయన గొంతూ వేడెక్కేది. వార్త కూడా మామిడికాయ తొక్కులా కాసేపు ఊరాలేమోనని నేను సర్దిచెప్పుకునేవాణ్ని. చంటిపిల్లల పాలపొడికి, జ్వరమొచ్చినవాళ్ల గ్లూకోజుకు వచ్చినవాళ్లను మాత్రం ఏ వేళైనా ఆపేవాడు కాదు. వానకు లాల్ బీ బండి రాని సాయంత్రం వార్తలు కూడా ఉండేవి కావు. ఎందుకని అడిగితే "పేపర్ తడిసింది తమ్మీ" అనేవాడు. పేపరు గల్లాపెట్టె మీద పెళపెళలాడుతూ ఉండేది.

చదివిన పేపరును మర్నాడు లాల్ బీ పైసలిచ్చి తీసుకునేది. ఆమె దాన్ని ముక్కలు చింపి మిర్చీలు కట్టిచ్చేది. మా ఊళ్లో ఆర్థిక వార్తలు ఆ విధంగా రెండోరోజు కూడా తిరిగేవి, కాకపోతే నూనెలో.

ఇలా ఉండగా రోడ్డుకు అవతల పెద్ద మార్ట్ తెరిచారు. అద్దాల తలుపు, లోపల చల్లటి గాలి, తోసుకుపోయే బుట్టలు, ఒక మూల చికెన్ వేయించి ఇచ్చే కౌంటరు. తెరిచిన రోజు పేపర్లో పేజీ నిండా ప్రకటన పడింది. ఇంకొకరైతే ఆ పేజీ దాచేవారు. ఐలేశం తన గిరాకీని నిలబెట్టి, ఒక్క అక్షరం వదలకుండా చదివి వినిపించాడు.

"నూనె మీద తగ్గింపు ఉన్నదట. సబ్బు కొంటే సబ్బు ఉత్తగనే అట. ఇంగో, గోధుమపిండి మీద బక్కెట్ కూడ ఇస్తరట. ఏమాట కామాట, మంచి బేరమే!"

విన్నవాళ్లు పొట్లాలను కాంటా మీదే వదిలి రోడ్డు దాటారు.

ఐలేశం భార్య నర్సింగమ్మ లోపలి గదిలోంచి అంతా వింది. చేతిలో చీపురుతోనే బయటికి వచ్చింది.

"ఓ మనిషీ! దుకాణం మనదా, వాళ్లదా?"

"వార్త వార్తే గదనే."

"ఆడ పప్పు తీసుకుంటే ఎవ్వలు పేపర్ సదివి ఇనిపియ్యరు. గందుకే పోతున్నరు మంది. నీ వార్తలుండాల్నా, దుకాణముండాల్నా? ఇప్పుడే చెప్పు."

ఐలేశం చాలాసేపు ఆలోచించాడు. ఇందులో ఆలోచించడానికి ఏముందని ఆమె చీపురు ఎత్తింది. అప్పుడు గుట్ట నర్సింహస్వామి మీద ఒట్టు పెట్టాడు, ఇక దుకాణంలో పేపరు చదవనని. ఏటేటా యాదగిరిగుట్టకు పోయి తల గొరిగించుకునే మనిషి. ఆ ఒట్టుకు తిరుగులేదు.

మర్నాటి సాయంత్రం వెంకన్న వచ్చి పప్పు అడిగాడు. పొట్లం వెంటనే చేతిలో పడింది. అతనికి అనుమానం వచ్చింది.

"సేటూ, తూకం సరిగ్గనే ఉన్నదా?"

"ఉన్నది. పో."

"ఇయ్యాల ఏం పడలేదా? పిజ్జా గురించి గిట్ల?"

"ఏం పడలేదు. ఆటోల మంది కూసున్నరు గదా, పో!"

ఐలేశం పెదవులు లోపలికి మడిచి పళ్లతో పట్టుకున్నాడు. ఏదో పెద్ద వార్తే పడి ఉంటుంది.

మార్ట్‌కు పోయినవాళ్లు తిరిగి రాలేదు. వచ్చేవాళ్లు కూడా పొట్లం అందుకుని, నిలబడకుండా వెళ్లిపోయారు. మెట్లు బోసిపోయాయి. లాల్ బీ పళ్లెంలో మిర్చీలు కుప్పగా పడి చల్లారేవి. రోజూ కాస్త పిండి మురుగుకాల్వ పాలయ్యేది. ఒకనాడు ఆమె పెందలాడే స్టవ్ ఆర్పేసింది.

"ఐలేశం భాయీ, రేపటి సంది బండి బస్టాండ్ కాడ పెడ్త. ఈడ నిలబడేటోళ్లే లేరు."

"ఆడ నీకు జాగా ఎవలిస్తరక్కా? అన్ని బండ్లే ఉన్నయి గదా?"

"ఇయ్యకపోతే బండి అమ్ముడే. పిండిని మోరీకి ఎన్ని దినాలు తినిపియ్యాలె?"

ఐలేశం గుడ్డ అందుకున్నాడు. ఖాళీ కాంటాను తుడవసాగాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు. నర్సింగమ్మ లాల్ బీ గిన్నె వైపు చూసింది, బోసిపోయిన మెట్లు చూసింది, కాంటా తుడుస్తున్న మొగుణ్ని చూసింది. నా మిషన్ దానంతట అదే ఆగిపోయింది.

"గందుకేనా?" అంది నర్సింగమ్మ.

"ఎందుకు?"

"ఎందుకో నీకెర్కే."

"నాకేమెర్క లేదు. ఒట్టు ఒట్టే."

నర్సింగమ్మ బండి దగ్గరికి వెళ్లింది. "లాల్ బీ, రేపొక్క దినం ఈన్నే పెట్టు. నాకు మిర్చీలు తినబుద్దయితున్నది" అంది. కొనేవాళ్లున్నప్పుడు లాల్ బీ కాదనదు.

మర్నాటి సాయంత్రం కడాయి వేడెక్కింది. వెంకన్న వచ్చి పప్పు అడిగాడు. ఐలేశం పొట్లం కట్టి ఇవ్వబోయాడు. నర్సింగమ్మ దాన్ని మధ్యలోనే లాక్కుని కాంటా మీద పెట్టి, ఎడమచెయ్యి ఆనించింది. స్టూలు మీద కూర్చుని, మొగుడి కళ్లజోడు తన ముక్కుకు తగిలించుకుని, పేపరు విప్పింది.

"ఒట్టు నీది. సదువు నాది" అంది.

ఆమె చిన్నప్పుడే బడి మానేసిన మనిషి. ఒక్కో అక్షరాన్నీ బియ్యంలో రాయి ఏరినట్టు ఏరుతుంది.

"ఒక... కూ...ల్... డ్రిం...క్... కం...పె..."

"నర్సింగమ్మక్కా, నీకు దండం పెడ్త! సేటే నయముండె!" అన్నాడు వెంకన్న.

"ఆగు. కం...పె...నీ... మ...జ్జిగ... గదే, సల్ల... అమ్మ...బో...తున్నది."

ఐలేశం తట్టుకోలేకపోయాడు. "సల్లనా? మా అవ్వ వాకిట్లకెవరొచ్చినా చెంబెడు సల్ల ఊకెనే పోసేది. గదే సల్లకు డబ్బా అంగీ తొడిగి అమ్ముతరా?"

"ఒట్టు పెట్టినవ్ గదా సేటూ!"

"సదువనని పెట్టిన. మాట్లాడనని పెట్టలే."

ఆమె చదివింది, ఆయన తీర్పు చెప్పాడు. ఆమె ఒక మాట పూర్తి చేసేలోపు ఒక వాయి మిర్చీలు దిగేవి. ఆటోలోంచి జనం దిగారు. శైలజ టీచరు ఆగింది. మార్ట్ నుంచి బుట్ట సామానుతో బయటికొచ్చినవాళ్లు, ఇదేదో మొగుడూపెళ్లాల కొట్లాట అనుకుని రోడ్డు దాటి వచ్చారు. చూస్తే మార్ట్ తలుపు దగ్గరి వాచ్‌మన్ కూడా మా మెట్ల మీదే ఉన్నాడు, చేతిలో మిర్చితో.

నాకు ఇన్నాళ్ల అనుమానం తేల్చుకోవాలనిపించింది. నర్సింగమ్మ ఒక వాక్యంలో పడి ఈదుతుండగా బండి దగ్గరికి పోయాను. పళ్లెంలో కాసిని మిర్చీలు, గిన్నె అడుగు కనిపిస్తోంది.

"ఉన్నయన్ని కట్టక్కా" అన్నాను.

"సల్ల... ఎందుకు... అమ్ముతున్నరని... అడ...గగా... కం...పెనీ... పెద్ద... మనిషి... నవ్వి..."

లాల్ బీ ఖాళీ గిన్నె మీద చిల్లుల గంటె బోర్లించింది. టంగుమంది.

"ఇగ చాలే" అన్నాడు ఐలేశం.

నర్సింగమ్మ టక్కున పేపరు మడిచేసింది. పప్పు పొట్లం వెంకన్న చేతిలో పడింది.

"నవ్వి? నవ్వి ఏమన్నడు?" అన్నాడు వెంకన్న.

"నవ్వి ఊకున్నడు. పో."

"గట్లెట్ల ఊకుంటడు? సగంల ఆపుతరా ఎవరన్న? అక్కా, జర సదువు!"

నేను ఐలేశం దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగాను. "మిర్చీలు ఒడిసినయని ఆపినవు గదన్నా? ఇన్ని దినాలు గిదేనా సంగతి?"

"మిర్చీలకు, వార్తలకు ఏం సంబంధం తమ్మీ? నువ్వు అంగీల మీద ద్యాస పెట్టు. మొన్న నువ్వు గుట్టిన అంగీ తొడుక్కుంటే, పిలగాడు ఎవరికో సలాం జేస్తున్నట్టున్నడు."

బండి తుడుస్తున్న లాల్ బీ మా వైపు చూడకుండానే అంది:

"ఐలేశం భాయీ, రేపటికి జర పెద్ద వార్త సూడు. పిండి ఎక్కువ కలుపుతున్న."

ఐలేశం కళ్లజోడు కోసం వెతకసాగాడు. అది నర్సింగమ్మ ముక్కు మీదే ఉంది. ఆమె దాని పైనుంచి ఆయన్ను చూస్తోంది.

మర్నాడు వెంకన్న అందరికన్నా ముందొచ్చాడు. రాగానే ప్లేటు మిర్చీలు కట్టించుకుని, పొట్లం విప్పి, మెట్టు మీదే కేకేశాడు.

"దొరికింది! నిన్నటి పేపరే గిది! 'పెద్దమనిషి నవ్వి, మా సల్ల...' ఆ తర్వాత ఏమున్నదిరా?"

ఆ తర్వాత నూనె ఉంది. దాని పక్కన పేపరు చిరిగిపోయి ఉంది.

"లాల్ బీ అక్కా, ఇంకో ప్లేటు కట్టు. గీ పేపర్ల మిగిలిన ముక్కల కట్టు."

"ఏ ముక్క చేతికొస్తే గదే. ఎంచి కట్టుడు నాతోని గాదు."

రెండో ప్లేటు సినిమా తార మొహంలో వచ్చింది. మూడోది రోడ్డు పనుల టెండరులో వచ్చింది. వెంకన్న నాలుగోది కట్టమన్నాడు. ఆటోలో ఉన్నవాళ్లంతా దిగివచ్చి, "మాకూ కట్టక్కా, మాకేమన్న దొరుకుతదేమో" అంటూ బండి చుట్టూ మూగారు.

"సేటూ, నా పప్పు రెడీనా?" అని వెంకన్న నోటినిండా మిర్చితో అరిచాడు.

పొట్లం ఎప్పుడో కట్టేసి కాంటా మీదే ఉంది. దాని మీద ఐలేశం చెయ్యి ఉంది.

"తూస్తున్ననే వెంకన్నా" అన్నాడు. "జర ఆగు."