కనకరత్నం ఇల్లు పడగొట్టిన వేసవి

నేను చదివింది మా ఊరి మిషను బడిలో ఐదో తరగతి వరకే. అయినా రాజోలు తాలూకా ఆఫీసులో రూతమ్మ అంటే తెలియని గుమాస్తా లేడు. మా పేటకి చేతిపంపు తెచ్చింది నేను. వానాకాలంలో మోకాలి లోతు బురదయ్యే దారికి గ్రావెల్ పోయించింది నేను. బస్సాగే చోట చలివేంద్రం పెట్టి, ఏ వేసవిలోనూ కుండ ఖాళీ కాకుండా నడిపించింది నేను. స్త్రీల సమాజానికి నన్ను కాదని ఇంకొకరిని అధ్యక్షురాలిగా ఎన్నుకున్న ఏడు ఇంతవరకూ లేదు. ఇన్ని చేసిన దాన్ని కాబట్టి, మా పేట నిలబడిందంటే ఎవరి వల్ల అని అడిగితే చెప్పే అర్హత నాకుంది. కనకరత్నం వల్ల. ధైర్యవంతురాలని కాదు. అంత భయస్తురాలు మా పేటలోనే కాదు, చుట్టుపక్కల కూడా లేదు.

ఆమె పుట్టిల్లు గన్నవరం అవతల ఒక లంక. చిన్నప్పుడు ఒక వేసవి మధ్యాహ్నం ఆ లంకలో ఇళ్ళన్నీ తగలబడుతుంటే తల్లి ఆమెని చంకనేసుకుని గోదావరిలోకి దిగి పీకలోతు నీళ్ళలో నిలబడిందట. నీళ్ళలో ఉన్నా ముఖానికి సెగ తగులుతూనే ఉందని చెప్పేది. ఆ సెగ ఆమెని వదల్లేదు. మా పేటకి కోడలిగా వచ్చాక కూడా, పక్కన ఎవరైనా చుట్ట వెలిగిస్తే ఉలిక్కిపడి లేచిపోయేది. భర్త ఏసుదాసు కొబ్బరి చెట్లెక్కి దింపు తీసేవాడు. వీధి మధ్యలో తన చేతులతో తాటాకిల్లు కట్టాడు. పెళ్ళయిన కొన్నేళ్ళకే జ్వరమొచ్చి పోయాడు. పిల్లల్లేరు. ఊడ్పులకీ కోతలకీ వెళ్ళి ఒంటరిగా బతికేది. ఆ ఇల్లు తప్ప ఆమెకి వేరే ఆధారం లేదు.

వేసవి అంటే మా దగ్గర ఎలా ఉంటుందో ఇప్పటి పిల్లలకి చెప్పాలి. రెండో పంట దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. అడుగున నెర్రెలు తేలతాయి. ఇళ్ళ మీద తాటాకు అప్పడంలా ఎండి గలగలలాడుతుంది. ఊడ్పులు మొదలయ్యేదాకా పనులుండవు. చేతులు ఖాళీగా ఉన్న ఆ రోజుల్లోనే స్త్రీల సమాజం చేత నేను వేసవి సేవ మొదలుపెట్టించాను. పిల్లలకి సెలవుల బడి ఒకటి, చలివేంద్రం ఒకటి, నిప్పు కావలి ఒకటి. బడికి మేరీ ఒప్పుకుంది, అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసిన పిల్ల. చలివేంద్రానికి పోటీ పడ్డారు, నలుగురూ కనబడే చోటు కదా. నిప్పు కావలికి ఎవరూ చెయ్యెత్తలేదు. పొద్దు చూరు దాటకముందే ఇంటింటికీ వెళ్ళి వంటలు ముగిశాయో లేదో చూసి, పొయ్యిలో నీళ్ళు పోసి రావాలి. ఎవరింటి పొయ్యిలో నీళ్ళు పోసినా నాలుగు మాటలు పడాలి.

"నేను తిరుగుతానండి పిన్నిగారూ," అంది కనకరత్నం వెనక నుంచి.

ఆ మర్నాటి నుంచి చంకలో బిందె, చేతిలో చెంబు. ఆమె వీధిలోకి రాగానే మా పేట మాటకారి చిట్టెమ్మ మొదలుపెట్టేది.

"వచ్చిందమ్మా ఫైరింజను! గంటొక్కటే తక్కువ."

"ఒక్కసారి బూడిదలో చెయ్యి పెట్టి చూసి వెళ్ళిపోతానండి వదినగారూ."

"నా పొయ్యి మా ఆయన కన్నా ముందే చల్లారిపోయిందే. ఆయన్ని చూసి వెళ్ళు కావాలంటే."

ఆడవాళ్ళందరూ పగలబడి నవ్వేవారు. కనకరత్నం తలొంచుకుని బూడిద కెలికి చూసి, రెండు చెంబులు పోసి మరీ కదిలేది.

ఆ ఏడే, అంటే డెబ్బై నాలుగు వేసవిలో, నేను ఇంకొక నియమం పెట్టించాను. మా పేట కాలువగట్టు దగ్గర మొదలై పడమటికి సాగే ఒకే వీధి. ఇళ్ళు చూరుకి చూరు ఆనుకుని ఉండేవి. అలాంటి వరసకి నిప్పంటుకుంటే చేతిపంపు నీళ్ళు ఏ మూలకీ చాలవు. గాలి దారిలో, ఇంకా అంటుకోని ఇల్లొకటి చూసి ముందే పడగొట్టి ఖాళీ చెయ్యాలి, అప్పుడే మంట అక్కడితో ఆగుతుంది. పాతకాలం నుంచీ చేసేదే. అయితే ఎవరిల్లు పడగొట్టాలని వాదించుకునేలోపు ఇంకో నాలుగిళ్ళు పోతాయి. అందుకే ముందుగానే అనుకుని ఉంచాలన్నాను. ఏ ఊళ్ళోనూ ఇంత ముందుచూపు లేదని అందరూ మెచ్చుకున్నారు. పడగొట్టేది నడిమిల్లు అనుకున్నాం. సరిగ్గా వీధి నడుమ ఉన్నది కనకరత్నం ఇల్లు.

"ఏమంటావే రత్నం?" అన్నాను.

అందరూ ఆమె వైపు తిరిగారు. నలుగురిలో మాట్లాడాలంటేనే ఆమెకి నోరు ఎండిపోయేది. "ఆయ్," అని తలూపింది.

మరిది దానం లేచి నిలబడ్డాడు. "మా అన్నయ్య కట్టిన ఇల్లండి అది. ఆయన చేతి కట్లు ఇంకా దాని మీదే ఉన్నాయి. నేను బతికుండగా ఎవడు చెయ్యి వేత్తాడో చూత్తాను," అని బయటికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం కనకరత్నం మా అరుగు దగ్గరికి వచ్చింది. "అవసరం రాదు కదండీ పిన్నిగారూ?"

"నువ్వు పొయ్యిలు ఆర్పుతుంటే ఎలా వస్తుందే?"

ఆ మాట ఆమెకి ధైర్యం ఇస్తుందనుకున్నాను. అది ఎదురు తిరిగింది. ఇక ఏ పొయ్యిలో నిప్పు మిగిలినా తన ఇల్లు పోతుందని ఆమెకి రూఢి అయిపోయింది. పొద్దున తిరిగిన ఇళ్ళకే మళ్ళీ మధ్యాహ్నం వెళ్ళేది. అన్నం తింటూ లేచి వెళ్ళేది. గాలికి తాటాకు చప్పుడైతే చాలు, గుమ్మంలోకి వచ్చి ఆకాశం వైపు చూసేది. మనిషి చిక్కిపోయింది.

మే నెలలో ప్రకాశరావు కూతురి పెళ్ళి. కాలువగట్టు మీద మొదటి ఇల్లు వాళ్ళదే. వేసవి పెళ్ళిళ్ళకి మా వాళ్ళు వంటలు ఎండిన కాలువలోనే చేయిస్తారు. అడుగున గాడిపొయ్యి తవ్వి, కొబ్బరి డొక్కలు వేసి మంట పెడతారు. గట్టు అడ్డం ఉంటుంది, పొద్దున పడమటి గాలి వీస్తుంది కాబట్టి రవ్వలు ఎగిరినా అవతల కోసేసిన చేలలోకి పోతాయి. మధ్యాహ్నం దాటితే గాలి తిరుగుతుంది, సముద్రం వైపు నుంచి ఇళ్ళ మీదికి వస్తుంది. ఆపాటికి వంటలయిపోయి పొయ్యి పూడ్చేస్తారు. ఎప్పుడూ అలాగే జరిగేది.

ఆ రోజు పెళ్ళికొడుకు వాళ్ళు రేవు దగ్గర పడవ దొరక్క ఆలస్యంగా దిగారు. ప్రార్థన గుడిలో పెళ్ళయ్యేసరికే పొద్దు నడినెత్తి దాటింది. వచ్చినవాళ్ళు ఎక్కువయ్యారు, అన్నం చాలక మళ్ళీ ఎసరు పెట్టారు. భోజనాల బంతులు సాగుతుండగా వంటవాళ్ళు పొయ్యి మీద ఇసుక కప్పి పైకి వచ్చేశారు.

కనకరత్నం బిందె పట్టుకుని కాలువలోకి దిగడం చూశాను. ప్రకాశరావు గట్టు మీద నుంచి గట్టిగా అరిచాడు.

"ఏయ్ రత్నం! పెళ్ళి పొయ్యిలో నీళ్ళు పోత్తావా? పిల్ల ఇంకా అత్తారింటి గుమ్మం తొక్కలేదు!"

పెళ్ళి వండిన పొయ్యిలో ఆ రోజు నీళ్ళు పొయ్యకూడదు. మూడు తరాల నుంచి ఏసు గుడికి వెళ్తున్నా మా వాళ్ళకి ఆ పట్టింపు పోలేదు. అందులోనూ పోసేది మొగుడు లేని మనిషి.

"లోపల నిప్పుందండి అన్నయ్యగారూ. డొక్క నిప్పు ఇసకలో ఆరదండి."

"రేపు పోద్దువు గాని. రా, వచ్చి భోజనం చెయ్యి, శుభమా అని."

ఎదురు చెప్పడం ఆమె వల్ల కాలేదు. గట్టెక్కి వచ్చి నా పక్కనే విస్తరి ముందు కూర్చుంది. ఒక్క మెతుకు ముట్టలేదు. కళ్ళు కాలువ మీదే ఉన్నాయి.

పందిరి ఆకులు అటు నుంచి ఇటు వాలడం నేను చూసేలోపే ఆమె చూసింది.

"గాలి తిరిగిందండి పిన్నిగారూ," అంది.

కాలువలోంచి గట్టు మీదకి బూడిద లేచింది. ఆ బూడిదలో ఎర్రగా నలకలు. ముందు పందిరి కొబ్బరాకు పొగ చిమ్మింది. ఎవరో పిల్లలు ఆడుతున్నారని నవ్వారు. తరవాత ప్రకాశరావు ఇంటి కొప్పు మీద పిడికెడంత మంట కనిపించింది. నేను ఊపిరి తీసి వదిలేలోపు అది చూరు దాకా జారింది. వెదుళ్ళు టపటప పేలే ఆ చప్పుడు విన్నవాళ్ళకే తెలుస్తుంది. విస్తళ్ళు తొక్కుకుంటూ జనం పరుగులు పెట్టారు. పెళ్ళికూతుర్ని ఎవరు లాక్కెళ్ళారో కూడా తెలియదు. నేనూ భయపడ్డాను, ఆ సంగతి రాయడానికి నాకు సిగ్గు లేదు.

మేరీ సెలవుల బడి పిల్లల్ని పడమటి చేలలోకి తీసుకుపోయింది. అక్కడ ఎండలో నిలబెట్టి పాటలు పాడించిందట, ఏడవకుండా. ఆ కబురు అందాక నేను పెద్ద గొంతుతో అరిచాను.

"నడిమింటికి రండి! దోటీలు తీసుకుని నడిమింటికి రండి!"

రెండో ఇల్లు అంటుకుంది. ఆ పక్కది అంటుకుంటోంది. కొబ్బరికాయలు కోసే దోటీలు పట్టుకుని మగవాళ్ళు కనకరత్నం ఇంటి ముందుకి చేరారు. దానం గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు.

"ఎవడైనా చూరు మీద చెయ్యేత్తే తల తీత్తాను! నీళ్ళు తెండి, నీళ్ళు కొట్టండి!"

"నీళ్ళెక్కడివిరా వెర్రోడా? కాలువ చూడు!" అన్నారెవరో.

"అయితే పక్కిల్లు లాగండి! మా అన్నయ్యదే దొరికిందా మీకు?"

ఆ పక్కింటివాళ్ళు ఊరుకుంటారా? తిట్లు లేచాయి. ఏది జరగకూడదని నియమం పెట్టించానో అదే జరుగుతోంది. సెగ మా ముఖాలకి తగులుతోంది.

అప్పుడు కనకరత్నం వచ్చింది. పరుగెత్తి రాలేదు. గోడలు పట్టుకుంటూ వచ్చింది. ఒకడి చేతిలో దోటీ తీసుకుని తన ఇంటి చూరుకి తగిలించబోయింది. చేతులు ఎంత వణికాయంటే దోటీ కొసన కత్తి తాటాకు మీద గలగలలాడింది గాని పట్టు దొరకలేదు. మళ్ళీ తగిలించింది. మళ్ళీ జారింది.

"చూశారా!" అన్నాడు దానం. "ఆవిడకి ఇష్టం లేదు!"

కనకరత్నం దోటీని అతని వైపు చాపింది.

"నువ్వు లాగు దానం. నాకు భయమేసి పట్టు దొరకట్లేదు. పరాయోళ్ళు లాగితే నేను చూడలేను. మీ అన్నయ్య కట్టింది నువ్వే విప్పు నాయనా. తొరగా లాగు, నాకు సెగ తగులుతంది."

దానం ఆమె ముఖంలోకి చూశాడు. దోటీ అందుకున్నాడు. ఏడుస్తూనే చూరు కింద గుచ్చి, ఒళ్ళంతా బరువేసి లాగాడు. తాటాకు ముద్దలా ఊడి వచ్చింది. తరవాత అందరూ పడ్డారు. వాసాలు లాగేశారు, కప్పు మోసే నిట్రాట పెకలించారు, ఆకంతా చేలలోకి ఈడ్చేశారు. తడి గోనెలు పట్టుకుని ఆడవాళ్ళం పడమటి చూర్ల మీద పడిన రవ్వల్ని కొట్టాం. మంట ఆ ఖాళీ స్థలం దాకా వచ్చింది. మట్టిగోడల మీద నాలుక చాపి, తినడానికేమీ లేక అక్కడ చాలాసేపు ఎగిరి, తగ్గిపోయింది.

తూర్పు వైపు ఇళ్ళన్నీ పోయాయి. ఒక్క మనిషీ పోలేదు. పడమటి సగం ఆకు కందకుండా నిలిచింది.

కాలిపోయిన ఇళ్ళన్నీ వానలు పడకముందే లేపించాను. రాజోలు, ఐనవిల్లి సంఘాలకి స్వయంగా వెళ్ళి తాటాకూ వెదుళ్ళూ అడిగి తెచ్చాను. బళ్ళు తోలిన వాళ్ళూ, ఇళ్ళు నేసిన వాళ్ళూ, అందరూ ఊరికే చేశారు. అది నా జీవితంలో నేను చేసిన పనులన్నిటిలో పెద్దదని ఇప్పటికీ అంటారు. అన్నిటికన్నా ముందు కనకరత్నం ఇల్లు కడదామని దానం నిట్రాట కూడా తెచ్చాడు.

"వద్దు," అంది ఆమె.

"వద్దంటే ఎలాగ వదినా? ఎక్కడుంటావు?"

"అక్కడ ఇల్లు లేవకూడదు. అది ఖాళీగా ఉంటేనే నాకు నిద్దర పడతది."

ఎంత చెప్పినా వినలేదు. మా పెంకుటింట్లో వీధి వైపు గది ఇచ్చాను. ఆనాటి నుంచి ఇక్కడే ఉంది. ఊరికే పోతోంది కదా అని దానం ఆ స్థలంలో కొబ్బరి మొక్కలు పాతాడు. మర్నాడు పొద్దున్నే కనకరత్నం వెళ్ళి అన్నీ పీకేసింది. ఎండు మట్టలు రాలితే అవి మాత్రం నిప్పు కాదా అని వీధిలో నిలబడి మరిదితో పోట్లాడింది. ఆమె గొంతు అంత గట్టిగా వినడం మాకదే మొదలు. తీర్పు నేను చెప్పాను. కప్పు లేవకూడదు, ఎండేది వెయ్యకూడదు, అరటి వేసుకోవచ్చు. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ వేసవి దాటి ఇన్నేళ్ళయింది, వీధిలో సగం డాబాలయ్యాయి, ఆ అరటితోట మాత్రం అలాగే ఉంది.

మొదటి గెలని కనకరత్నం మరుసటి ఏడు కోతల పండుగకి గుడిలో పెట్టింది. ప్రకాశరావే లేచి, "దేవుడు చేసిన మేలు గురించి రత్నం సాక్ష్యం చెప్పాలి," అన్నాడు. పేటంతా చప్పట్లు కొట్టింది. చిట్టెమ్మ వెనక నుంచి ఆమెని పైకి నెట్టింది. కనకరత్నం బల్ల అంచు పట్టుకుంది.

"గాలి తిరిగినప్పుడు నాకు కాళ్ళు చచ్చుబడిపోయేయండి," అంది. "ఇప్పుడూ అలాగే ఉందండి." అని కూర్చుంది.

పాదిరిగారు ఇంకేమైనా చెబుతుందేమోనని చూశారు. ఆమె గెల వంకే చూస్తూ, కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయింది.