బావకు వినిపించిన ఎనభై పాటలు

మాట పడిపోయి మంచాన ఉన్న మనిషికి సేవ చేస్తున్నాననుకుంటూ, వద్దని నోరు తెరిచి చెప్పలేని ఆ మనిషిని పద్దెనిమిది రోజుల పాటు నేనెలా హింసించానో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, ఏమీ అనుకోను. మా అక్క కూడా ఈ సంగతి తలచుకుని నవ్వుతుంది. కాకపోతే నవ్విన కాసేపటికి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటుంది.

ఆరేళ్ళ కిందటి మాట. అప్పటికి నాకు నలభై తొమ్మిదేళ్ళు. గుడివాడలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. చెప్పేది లెక్కలే అయినా ధ్యాసంతా పాత పాటల మీదే. సినిమా పాట నేను పుట్టకముందు పుట్టి, నాకు మీసాలొచ్చే వేళకి చచ్చిపోయిందని నా నిశ్చితాభిప్రాయం. ఆ తర్వాత వచ్చినవన్నీ నా దృష్టిలో రేకుల షెడ్డు మీద కొబ్బరికాయలు రాలిన చప్పుళ్ళు. ఈ అభిప్రాయాన్ని నాలోనే దాచుకుని ఉంటే ఏ గొడవా లేకపోయేది. నేను దాన్ని స్టాఫ్ రూములో చెప్పాను, పెళ్ళిళ్ళలో చెప్పాను, బస్సులో పక్క సీట్లో నిద్రపోతున్నవాణ్ణి లేపి చెప్పాను. మా ఆవిడ బంధువుల పెళ్ళిలో డీజే పెట్టినతని దగ్గరికి వెళ్ళి, "ఏమయ్యా, నీ పాటల్లో సాహిత్యం ఏదయ్యా?" అని నిలదీశాను. అతను అటూ ఇటూ చూసి, "ఇందాకే భోజనానికి వెళ్ళినట్టున్నాడండీ" అన్నాడు. లోకం ఎంత పాడైపోయిందో చెప్పడానికి ఆ జవాబును నేను రెండేళ్ళు వాడుకున్నాను.

మా బావ పేరు కోటేశ్వరరావు. మా రాజ్యం అక్క భర్త. మొవ్వ దగ్గర వరి చేసుకునేవాడు. అసలు ఊరు అది కాదు, దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఉండే పల్లె. చిన్నతనంలో ఉప్పెన వచ్చినప్పుడు తల్లీ తండ్రీ తమ్ముడూ పోతే, మొవ్వ దగ్గరున్న మేనమామ తీసుకొచ్చి పెంచాడు. ఆ సంగతి మాకందరికీ తెలుసు. ఆయన మాత్రం ఎప్పుడూ ఎత్తేవాడు కాదు. అసలు ఏ సంగతీ పెద్దగా ఎత్తే మనిషి కాదు. మా ఇంటికొస్తే నేను పట్టుకుని పాత పాటలు పెట్టేవాణ్ణి. రెండు నిమిషాలు కూర్చుని, "బండి ఎండలో ఉందిరా, నీడలో పెట్టొస్తా" అని లేచి వెళ్ళేవాడు. పాటలన్నీ అయ్యాక వచ్చేవాడు. పొద్దుగూకిన తర్వాత కూడా ఆయన బండిని నీడలో పెట్టడానికి వెళ్ళడం నేను చాలాసార్లు చూశాను. లెక్కల మాష్టారిని కదా, అయినా అందులో తేడా ఉందని ఎన్నడూ తోచలేదు.

ఆ ఏడాది నాట్ల రోజుల్లో బావ గట్టు మీద నడుస్తూ నడుస్తూ పడిపోయాడు. బందరు తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చాం. ప్రాణం దక్కింది గానీ కుడి చెయ్యీ, కుడి కాలూ కదలలేదు. మాట పోయింది. గుడివాడ నుంచి నేను బందరు చేరేసరికి మా అక్క మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, మొగుడి నోటి వంక చూస్తూ ఉంది. అందులోంచి ఏదైనా వస్తుందేమోనని రెండు రోజులుగా అలాగే చూస్తోందట. మోపిదేవి స్వామికి మొక్కుకున్నానని చెప్పింది.

డాక్టరు గారు మంచివాడు. "ఆయనకి అన్నీ వినపడతాయండీ, చాలావరకు అర్థమవుతాయి కూడా. మాట్లాడిస్తూ ఉండండి. ఆయనకిష్టమైన పాటలుంటే పెట్టండి. మాట తిరిగి రావడానికి ఒక్కోసారి అవి సాయపడతాయి" అన్నాడు.

'ఆయనకిష్టమైన' అన్న ముక్క నా చెవిన పడలేదు. 'పాటలు' అన్నది మాత్రం పడింది. జీవితమంతా నేను ఎదురుచూసిన పిలుపు ఇన్నాళ్ళకు వచ్చినట్టనిపించింది. వెంటనే కాలేజీకి సెలవు పెట్టాను. ఎనభై పాత పాటలు ఏరి పెన్ డ్రైవులో వేసుకుని, పిడికెడంత స్పీకరు కొనుక్కుని మర్నాడు ఉదయానికల్లా మంచం పక్కన దిగిపోయాను.

బావ కూతురు శిరీష అవనిగడ్డలో టీచరు. నా సరంజామా చూసి నెమ్మదిగా అంది. "మావయ్యా, నాన్న ట్రాక్టరు మీద వినేవి ఇవి కాదు. కొత్తవి. దరువున్నవి."

"ట్రాక్టరు మోతలో ఏ పాటైతే ఏముందమ్మా, ఏదో ఒకటి గట్టిగా వినపడితే చాలని పెట్టుకునుంటాడు. మనసుకి మందు కావాలంటే ఇవే."

"నాన్న మనసు నాన్నకి తెలుస్తుంది కదా మావయ్యా."

"నోట మాట లేనప్పుడు మనమే తెలుసుకోవాలమ్మా."

ఈ మాట నేను ఎంత గంభీరంగా అన్నానంటే, ఆ పిల్ల ఇంక నోరెత్తలేదు.

మొదటి పాట పెట్టాను. ఏటి ఒడ్డున నిలబడి, పడవలో వెళ్ళిపోయినవాళ్ళని పిలుస్తూ ఒకావిడ పాడే పాట. ఒక చరణం అయ్యేసరికి బావ కళ్ళలోంచి నీళ్ళు కారి చెవుల్లోకి జారాయి.

"చూశావా అక్కా," అన్నాను. "మందులు చెయ్యని పని పాట చేసింది. ఇప్పటి పాటలు పెట్టి ఒక్క చుక్క రాల్పించమను చూద్దాం."

"నిజమేరా," అంది అక్క. పాపం, రెండు రోజులుగా కదలని ముఖంలో నీళ్ళైనా కదిలాయి కదా అని దాని ఆశ. నేను రెండో పాట పెట్టాను.

ఉదయం పది, మధ్యాహ్నం పది, సాయంత్రం పది. డాక్టరు మాత్రలు రాసిన పద్ధతిలోనే నేను పాటలు రాసుకున్నాను. బావ ప్రతి పాటకీ ఏడ్చేవాడు. నాలుగో రోజుకి పక్క మంచం పెద్దాయన ఏడవడం మొదలుపెట్టాడు. ఆరో రోజు నర్సు వచ్చి, "ఏమండీ, కాస్త సంతోషంగా ఉండేవి లేవా? వార్డులో అందరికీ బీపీ తేడాగా చూపిస్తోందండీ" అంది. వెతికాను. ఎనభైలో మూడు దొరికాయి. ఆ మూడూ సినిమాలో హీరోయిను చచ్చిపోయే ముందు పాడేవి.

తొమ్మిదో రోజున అద్భుతం జరిగింది. ఏటి ఒడ్డు పాట మొదలవగానే బావ పెదవులు విడిపడి, "ఆ..." అని శబ్దం వచ్చింది. అక్క స్టూలు మీంచి లేచి నిలబడింది. బావ మళ్ళీ, ఇంకా గట్టిగా, "ఆ... ఆ..." అన్నాడు.

"ఆలాపన అందుకున్నాడక్కా," అన్నాను.

స్పీకరు ఇంకాస్త పెంచాను. బావకి తోడుగా నేను కూడా "ఆ... ఆ..." అని ఎత్తుకున్నాను. బావ కళ్ళు గట్టిగా మూసుకుని, ఎడమ చెయ్యి పైకి లేపి గాల్లో అటూ ఇటూ ఊపాడు. తాళం వేస్తున్నాడనుకుని ఆ చెయ్యి పట్టుకుని పాట అయ్యేదాకా మంచం పట్టె మీద తాళం వేయించాను. ఆయన వెనక్కి లాక్కోబోతే, ఒంట్లోకి బలం వస్తోందని సంతోషించాను.

శిరీష గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. "మావయ్యా, నాన్న ముఖం చూడు ఒకసారి," అంది.

"చూస్తున్నానమ్మా. లీనమైపోయాడు."

ఆ ఆలాపన ఇంకో తొమ్మిది రోజులు సాగింది. పద్దెనిమిదో రోజు ఉదయం పది గంటలకి నేను మామూలుగా స్పీకరు నొక్కాను. బావ "ఆ..." అన్నాడు. ఆగాడు. మెడ నరాలు ఉబ్బాయి. నుదుటి మీద చెమట పట్టింది. పెదవులు రెండూ దగ్గరికి తెచ్చి, మళ్ళీ విప్పాడు.

"ఆ... పు."

"ఏంటి బావా?" అని దగ్గరికి వంగాను.

"ఆ... ఆప... రా."

మా అక్క బావురుమని ఏడ్చింది. మొగుడి మాట మళ్ళీ విన్నానన్న ఏడుపది. నర్సు డాక్టరు కోసం పరుగెత్తింది. పక్క మంచం పెద్దాయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. అది దేవుడికో, మా బావకో నాకిప్పటికీ తెలియదు. స్పీకరు నా చేతిలోనే ఉంది. పాట సాగుతూనే ఉంది. ఆపడమెలాగో ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు. శిరీష వచ్చి నా వేళ్ళలోంచి దాన్ని తీసుకుని ఆపింది. వార్డంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నట్టయింది.

కాసేపటికి ఆ పిల్ల తన ఫోనులో ట్రాక్టరు పాట పెట్టింది. ముగ్గురు డప్పులవాళ్ళు చెరువుగట్టు దగ్గర తగువు పడినట్టుంది నాకు. మాటల్లో ఒక్కదానికీ అర్థం లేదు. దుప్పటి కింద బావ ఎడమ పాదం కదిలింది. పెదవి ఎడమ కొస కొంచెం పైకి లేచింది. నవ్వడానికి ఆయనకి అప్పటికి ఆ సగమే మిగిలింది.

రెండు నెలలకి, ఇంటికి చేరాక మొవ్వ వెళ్ళాను. మాట వచ్చింది గానీ ఒక్కొక్క ముక్కా తవ్వి తీసినట్టు వచ్చేది. వసారాలో ఆయన పక్కన కూర్చుని, "బావా, నీకు పాత పాటలు పడవని ముందే ఒక్కమాట చెప్పొచ్చు కదా ఇన్నేళ్ళలో" అన్నాను. తప్పు నాదైనా ఆయన మీదకి కాస్త తోద్దామనే నా ప్రయత్నం.

"పడకపోవడం... కాదురా," అన్నాడు. "మా నాన్న... రేడియో కొన్నాడు. అవనిగడ్డలో. మా అమ్మ... పొయ్యి దగ్గర... దాంతో పాటు పాడేది. తమ్ముడు గెంతేవాడు. అప్పుడవి... కొత్త పాటలే."

పాత పాటల గురించి చెప్పడానికి అంతవరకూ బోలెడంత ఉండేది నా దగ్గర.

"అవి వింటుంటే... ఇంట్లో అందరూ ఉన్నట్టే ఉంటదిరా. పాట అయిపోతే... ఎవరూ ఉండరు." ఎడమ చేత్తో నోరు తుడుచుకున్నాడు. "నువ్వు... రోజుకి ముప్పైసార్లు... చంపావు వాళ్ళని."

"మరి ఆ డప్పుల పాట?"

"అందులో మావాళ్ళెవరూ లేరు. హాయిగా... ఉంటది."

ఏ కాలం పాట గొప్పదో తేల్చడానికి ఇరవై ఏళ్ళు ఉపన్యాసాలిచ్చాను. ఈ ముక్క ఎందులోనూ లేదు. నేను పాత పాటలు వింటే నాకు అరుగు మీద చదువుకుంటున్న నేను కనపడేవాణ్ణి, మా నాన్న తెచ్చే వేరుశనక్కాయల పొట్లం కనపడేది. అదంతా పాట గొప్పదనం అనుకున్నాను. నా చిన్నతనం బాగా గడిచింది, అంతే.

బావ ఆ తర్వాత మూడేళ్ళు ఉన్నాడు. కుడి చెయ్యి మళ్ళీ లేవలేదు. ట్రాక్టరు అమ్మేశారు. నేను వెళ్ళినప్పుడల్లా డప్పుల పాట పెట్టమనేవాడు, పెట్టేవాణ్ణి. ఆయన పాదం ఆడిస్తుంటే దిక్కులు చూస్తూ కూర్చునేవాణ్ణి. వినగా వినగా నాకూ నోటికొచ్చింది. రెండోసారి వచ్చిన పక్షవాతానికి ఆయన తట్టుకోలేకపోయాడు.

మొన్నామధ్య బందరులో ఆటో ఎక్కాను. కొంత దూరం వెళ్ళాక అతను ఆ డప్పుల పాటే పెట్టాడు. మొదటి దరువుకే అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. వసారా, మంచం, దుప్పటి కింద కదిలే పాదం. దిగాల్సిన చోటు ఇంకా అర కిలోమీటరు ఉండగానే ఆపించి దిగిపోయాను. ఆటో అతను చిల్లర ఇస్తూ, "పెద్దాళ్ళకి కొత్త పాటలు పడవు లెండి" అన్నాడు, మర్యాదగానే. ఆ పాట నాకు పాతదైపోయిందని ఎలా చెప్పను?

కాబట్టి సమస్త బంధుమిత్రుల సమక్షంలో, పెన్ డ్రైవు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఏ కాలం పాట మంచిదన్న విషయంలో ఇకపై తీర్పులు చెప్పను. బస్సులో నిద్రపోయేవాళ్ళని లేపను. మంచాన ఉన్న మనిషికి ఏది కావాలో అడగకుండా ఏదీ వినిపించను. అడిగినా చెప్పలేని మనిషైతే, నోరు మూసుకుని పక్కన కూర్చుంటాను. అది నాకు బొత్తిగా చేతకాని పని. అయినా ఈ వయసులో నేర్చుకుంటున్నాను.