గాలిగుట్టలో మందు కొట్టిన గోడలు

గాలిగుట్ట తండాలో ఉషారాణిని ఎవరూ పలకరించక రెండు వారాలైంది. బోరింగు దగ్గర ఆమె బిందె దించగానే మిగతా ఆడవాళ్లు తమ బిందెలు ఎత్తుకుని అవతలికి జరిగేవారు.

గుట్ట మీద నలభై ఇళ్లు. కింద రోడ్డెక్కాలంటే మూడు కిలోమీటర్ల రాళ్లబాట దిగి వాగు దాటాలి. వాగు పొంగిందంటే ఎవరి గతి వాళ్లదే. వైరా దగ్గర పుట్టి, ఇంటర్ బైపీసీ చదివి, ఐదేళ్ల కిందట కోడలిగా ఆ బాట ఎక్కిన ఉషారాణి ఇప్పుడు తండాకు ఆశా వర్కర్. భర్త బాలకృష్ణ కొత్తగూడెంలో ట్రాలీ ఆటో నడుపుతూ వారానికోసారి వస్తాడు. ఇంట్లో ఆమె, అత్త, రెండేళ్ల కూతురు శాన్వి.

నిరుడు వానల్లో శాన్వికి మలేరియా వచ్చి ఫిట్స్ పడ్డాయి. మంచాన్ని కర్రకు కట్టి మోసుకుంటూ వాగు దాటించారు. దవాఖానాకు చేరేసరికి పిల్ల కళ్లు తేలేసింది. ఎలాగో బతికింది గాని, అప్పటినుంచి ఉషారాణి చెయ్యి రోజుకు పదిసార్లు పాప నుదుటి మీదికే పోయేది. ఈ ఏడు గోడలకు దోమల మందు కొట్టించాల్సిందే అనుకుంది. ఒకసారి కొడితే పది వారాలు పనిచేస్తుంది. వానాకాలం గట్టెక్కుతుంది.

మందు కొట్టేవాళ్లు గుట్ట ఎక్కమంటే ఎక్కమన్నారు. ఆమె నెలరోజులు వెంటపడి, నీళ్ల డబ్బాలు తనే మోస్తానని ఒప్పించి తీసుకొచ్చింది. వాళ్లు వచ్చింది తీజ్ పండుగకు పది రోజుల ముందు. తీజ్‌కు తండాలో ప్రతి గోడకూ ఎర్రమన్ను, పేడ కలిపి పూస్తారు. ఆ సంగతి ఆమెకు తెలియక కాదు. మన్ను కింద పడిన మందు ఎందుకూ పనికిరాదనీ తెలుసు. నాలుగు మాటలు విడమరిచి చెప్తే వింటారులే అనుకుంది.

ఎవరూ వినలేదు. మందు వాసనకు నల్లులు సందుల్లోంచి బయటికొచ్చి మంచాలెక్కాయి. గోడలన్నీ తెల్లటి చారలు తేలాయి. ఈసారికి పూయొద్దని ఇంటింటికీ తిరుగుతుంటే, దోమలతో మాట్లాడుకుని వచ్చినావా అని నవ్వారు. తండా పెద్ద నాయక్ మంగీలాల్ భార్య రుక్మిణి మాత్రం నవ్వలేదు.

"తీజ్‌కు అలకని ఇంట్ల ఆడపిల్ల అడుగు పెట్టది. మా ఇండ్లను ముట్టుడు ఇండ్లు చేస్తానికి వచ్చినవా వైరా నుంచి?"

ఆశాల నెల మీటింగ్‌కని ఉషారాణి కిందికి దిగిన రోజే మన్ను తవ్వారు. సాయంత్రం తిరిగొచ్చేసరికి తండా అంతా ఎర్రగా ఉంది. తన ఇల్లు కూడా. అత్త పాపను చంకనేసుకుని, చేతులు కడుక్కోకుండా గుమ్మంలోనే నిలబడింది.

"నలుగురి ముంగట తల దించుకోమంటవా నన్ను?" అంది.

ఉషారాణి మళ్లీ మందు కొట్టించమని సూపర్‌వైజర్ బొజ్జయ్యకు ఫోన్ చేసింది. ఈ ఏడు మీ కోటా అయిపోయిందన్నాడు. అందరూ పూసుకోవడం చూస్తూ నువ్వేం చేస్తున్నావని కూడా అడిగాడు.

మూడో వారం రుక్మిణి మనవరాలు వణకడం మొదలుపెట్టింది. ఉషారాణి మలేరియా పరీక్ష కిట్ పట్టుకుని వెళ్తే రుక్మిణి గుమ్మానికి అడ్డం నిలబడింది. వెనక పదిమంది ఆడవాళ్లు పోగయ్యారు. మందు వాసనకే పిల్లకు జ్వరమొచ్చిందని ఒకామె, దవాఖానావాళ్ల దగ్గర పేరు కోసం తెప్పించిందని ఇంకొకామె.

ఉషారాణి కిట్ అరుగు మీద పెట్టింది. "పెద్దత్తా, తీజ్ ఉన్నదని తెలిసే కొట్టిపిచ్చిన. పండుగ అయినంక రమ్మంటే వాళ్లు మల్ల ఎక్కరని భయపడ్డ. నా మాట ఇంటరనుకున్న. తప్పు నాదే. పిల్లను చూడనియ్యి."

"ఈ మాట ఆ రోజెందుకు చెప్పలే?"

"చెప్తే మన్ను పుయ్యకుండ ఉంటుంటివా?"

"లేదు, పూస్తుంటి," అంది రుక్మిణి. గుమ్మం వదిలి పక్కకు జరిగింది.

కిట్‌లో రెండు గీతలు తేలాయి, మలేరియానే. ఉషారాణి వరుసగా మూడు రోజులు వెళ్లి తన కళ్లముందే మాత్రలు మింగించింది. ఆ మూడు రోజులూ ఆ ఇంట్లో ఎవరూ ఆమెను కూర్చోమనలేదు. నాలుగో రోజు పిల్ల లేచి జొన్న గటక తింది. అదే రోజు మంగీలాల్ ఇంటి ముందు పంచాయితీ పెట్టి, తప్పు తనదేనని ఉషారాణి తన నోటితోనే ఒప్పుకుందని, వేరే ఆశాను వేయమని కాగితం రాయించాడు. వేలిముద్రల్లో మొదటిది రుక్మిణిది.

ఇంకో రెండిళ్లలో జ్వరాలు తేలాయి. ఉషారాణి ఆ రెండిళ్లకూ తన ఇంటికీ మధ్య దూరం అడుగులతో కొలుచుకుంది. ఒకటి నలభై అడుగులు, ఇంకోటి అరవై. దోమకు అదో దూరం కాదు. మర్నాడు పొద్దున వాగు కాస్త తగ్గగానే పాపను వీపుకు కట్టుకుని దిగింది. వైరాలో తల్లి చేతికిచ్చి, చలికాలం దాకా పంపొద్దని చెప్పింది. పాప ఏడుస్తుంటే వెనక్కి చూడకుండా బస్సెక్కింది.

మాపటికి గుట్ట ఎక్కేసరికి కబురు ముందే చేరింది. తన బిడ్డను దాచుకుని మన పిల్లలను దోమలకు వదిలిందని అరుగుల మీద చెప్పుకుంటున్నారు. అత్త పొయ్యి దగ్గర నుంచి లేవలేదు.

"నా మనవరాలిని నాకు దూరం చేసినవ్," అంది.

"అవ్, చేసిన," అంది ఉషారాణి. సంచిలో కిట్లు ఎన్ని మిగిలాయో చూసుకుని, నలభై అడుగుల దూరంలోని ఇంటికి నడిచింది. లోపల మాటలు వినపడుతున్నాయి. తలుపు తట్టగానే ఆగిపోయాయి. ఎవరూ తీయలేదు. ఆమె మళ్లీ తట్టింది.