బ్రేకు పైపుల మీది ముద్ర

మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా నేను పాతబస్తీ వైపు ఒక కార్యాలయానికి బదిలీ అయింది పదవీ విరమణకు మూడేళ్ల ముందు, జూన్ నెలలో. పదిహేనేళ్లు దాటిన సొంత కార్లకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించాలి. దానికి ముందు బండిని పరీక్షించి సంతకం చేయడం మా పని.

ఆ చలికాలంలో లాడ్ బజార్ గాజుల వ్యాపారి ఈశ్వరయ్య తన తండ్రి కొన్న బ్రిటిష్ కారును తెచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అక్కడి మామూలు కుటుంబాల కోసం తయారైన నాలుగు తలుపుల బండి. తోలు సీట్లు, చెక్క డ్యాష్‌బోర్డు, అన్నీ అప్పటివే. పాత కార్ల ప్రదర్శనల్లో బహుమతులు కూడా వచ్చాయి. ముప్పై ఏళ్లుగా దాన్ని చూసుకుంటున్న జహనుమా మెకానిక్ యాదగిరి వెంట ఉన్నాడు.

నేను ఛాసిస్ నంబరు సరిచూస్తుండగా యాదగిరి, "సార్, బ్రేకు పైపులు ఒక్కసారి చూడుండ్రి. రబ్బరు మస్తు పాతది" అన్నాడు.

ఈశ్వరయ్య విసుక్కున్నారు. "ఏంది యాదగిరీ, మల్ల గదే లొల్లి? వాటి మీద కంపెనీ ముద్ర ఉన్నది. మారిస్తే షోల మార్కులు పోతయ్."

నియమం ప్రకారం బండిని గుంత మీదికి ఎక్కించి అడుగుభాగం చూడాలి. బయట ఇంకా చాలా బండ్లున్నాయి. పైగా అంత శుభ్రమైన కారును అనుమానించాలని నాకు అనిపించలేదు. యార్డులో ఒక చుట్టు తిప్పి బ్రేకు తొక్కాను. ఆగింది. సంతకం చేశాను.

నాలుగు నెలల తర్వాత పోలీసుల లేఖ వచ్చింది. ప్రమాదంలో మనిషి చనిపోతే బండిలో లోపం ఉందో లేదో తేల్చాల్సింది మేమే. స్టేషన్ ఆవరణలో ఉన్నది ఆ కారే. ప్రదర్శనకు ముందు ఒకసారి చూపించడానికి ఈశ్వరయ్య దాన్ని యాదగిరి షెడ్డుకు తీసుకెళ్తున్నారు. షెడ్డు జహనుమాలో, ఫలక్‌నుమా వాలు కింద ఉంది. కారు రావడం చూసి యాదగిరి గేటు తీయడానికి ముందుకొచ్చాడు. చనిపోయింది అతనే.

ముందు చక్రం దగ్గర పైపు చీలిపోయింది. పైకి నున్నగానే ఉంది, లోపలి రబ్బరు వేలికి పొడిగా రాలింది. ఆ కాలపు కార్లలో ఒక్క పైపు పోతే నాలుగు చక్రాలకూ బ్రేకు ఉండదు.

"తొక్కిన సార్, కసం" అన్నారు ఈశ్వరయ్య. "కాలు గట్లనే కిందికి వోయింది. యాదగిరి నా మొకమే చూస్తుండె."

కారును పాస్ చేసింది నేనే కాబట్టి వేరే ఇన్‌స్పెక్టరును నియమించమని మా అధికారికి రాసిచ్చాను. యాదగిరి చెప్పిన మాట కూడా అందులో రాశాను. "అది రాయకుంటే ఎవరికి తెలుస్తది? ఎందుకయ్యా నెత్తినేసుకుంటవ్?" అన్నారాయన. నేను కాగితం వెనక్కి తీసుకోలేదు.

ఈశ్వరయ్య మీద కేసు నడిచింది. నా మీద శాఖాపరమైన విచారణ జరిగింది. ఆ రోజు యాదగిరి భార్య లక్ష్మమ్మ వరండాలో నన్ను ఆపి అడిగింది.

"మా ఆయన మీకు చెప్పిండా సార్?"

"చెప్పిండమ్మా."

ఆమె పక్కనున్న బెంచీ మీద కూర్చుంది.

నా సర్వీసు రికార్డులో అభిశంసన నమోదైంది. అది న్యాయమే. బండి గురించి బాగా తెలిసినవాడు లోపం చెబితే, యజమాని ఏమన్నా సరే, అక్కడే పని ఆపి చూడాలి. శిక్షణలో మాకు మొదట నేర్పేది అదే. తెలియక కాదు, తెలిసే వదిలేశాను.